కావలి లేని పుస్తకములు

జలాశయపు గట్టున, రాళ్ళ మాటున, మూత బిగించిన పెట్టెలో పుస్తకములు దాచుట. ఆ చోటి అక్షాంశ రేఖాంశములను మాత్రమే లోకమునకు తెలుపుట. కనుగొన్నవారు ఒక పుస్తకము తీసికొని వేరొకటి ఉంచిపోవుట. నేడు పలు దేశములలో సాగుచున్న జియోకాషింగ్ అను వినోదములో ఇదియొక తీరు.

2000 మే నెల ఆరంభమున అమెరికా ప్రభుత్వము, పౌరులకందు ఉపగ్రహ సంకేతములలో తాను బుద్ధిపూర్వకముగా కలిపిన తేడాను తొలగించినది. సామాన్యుని చేతి పరికరము సైతము స్థలమును కొన్ని మీటర్ల తేడాతో చూపగలిగినది. మే 3న డేవ్ అల్మర్ ఆరిగాన్ రాష్ట్రములో తొలి పెట్టెను దాచెను. అందులోను పుస్తకములుండెను.

ఈ పెట్టెకు కావలివాడు లేడు. తీసినదానికి సమానమైనదో, మించినదో ఉంచవలెనన్న నియమమే కావలి. మంచి గ్రంథము తీసి, ఎవరును చదువని చిరుగుల పుస్తకము ఉంచువారు నలుగురైనచో పెట్టె చెత్తబుట్ట యగును. వచ్చు నీటికన్న పోవు నీరు హెచ్చయిన జలాశయము ఎండును గదా!

రహస్యమునకు వేరొక అపాయమును కలదు. 2011లో ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణమున ఇట్టి పెట్టెను బాంబని శంకించి నిపుణులు పేల్చివేసిరి. కావున ఆనకట్టల చెంత ఏది దాచుటకైనను అధికారుల అనుమతి ముందు కావలెను.

పరికరమున్నవారికే దొరకు ఈ పెట్టె, అందరికిని తలుపు తెరచు గ్రంథాలయమునకు బదులు కాజాలదు. అయినను, ఎవరును చూడనిచోట, తానెరుగని పాఠకునికొరకు మంచి పుస్తకమును విడిచిపోవుట గొప్ప శిక్షణ. దానికి జలాశయమే అక్కరలేదు. తరగతి గదిలో తాళము లేని అర ఒకటి చాలును. ఏడాది చివర అందులో మిగిలిన పుస్తకములే ఆ తరగతి పరీక్షాఫలితము.