అందరికీ వెళ్లే మెయిల్ అందరి చేతిలో ఉండకూడదు

కర్నూలులో ఒక విద్యాసంస్థ మెయిల్ సర్వర్ చూసుకోవడం నా ఉద్యోగం. ఇలాంటి చాలా సర్వర్లలో ఒక చిరునామా ఉంటుంది. దానికి ఒక్క మెయిల్ పంపితే చాలు, విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది అందరికీ చేరుతుంది. ఆ చిరునామాకు రాసే హక్కు ఎవరికి ఉండాలన్నది కంప్యూటర్ గదికి వదిలేసే విషయం కాదు. సంస్థ పెద్దలు కూర్చుని తేల్చాల్సిన విషయం.

ఇప్పుడు చాలాచోట్ల ఎవరైనా రాయొచ్చు. ఫీజు గడువు, పోయిన హెల్మెట్, సన్మాన సభ ఫొటోలు అన్నీ అదే దారిన వస్తాయి. రెండు వేల మంది ఉన్నచోట పదిమంది 'శుభాకాంక్షలు' అని అందరికీ జవాబిస్తే ఇరవై వేల మెయిళ్లు. 5 ఎంబీ పోస్టరు జతచేస్తే ఒక్కొక్కరి పెట్టెలో ఒక్కో ప్రతి చేరి సర్వర్‌లో మొత్తం 10 జీబీ దాకా నిండుతుంది. పెద్ద సంస్థలకూ ఈ బాధ తప్పలేదు. 2016 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో ఒక పరీక్ష మెయిల్ 8 లక్షలకు పైగా ఖాతాలకు వెళ్లింది. 'నన్ను తీసేయండి' అంటూ మళ్లీ అందరికీ వెళ్లిన జవాబులతో మెయిల్ వ్యవస్థే మందగించింది.

సర్వర్‌ను మళ్లీ దారిలో పెట్టొచ్చు. పోయిన నమ్మకాన్ని తేవడం కష్టం. అక్కరలేని మెయిళ్లు రోజూ వస్తే చదవకుండా తీసేయడం అలవాటవుతుంది. వాటితోపాటే పరీక్ష వాయిదా కబురూ పోతుంది. ఆదోని నుంచి, ఆళ్లగడ్డ నుంచి తెల్లవారుజామునే బస్సెక్కిన పిల్లలు మూసిన గేటు ముందు నిలబడతారు. 'మీ మెయిల్‌బాక్స్ నిండింది, పాస్‌వర్డ్ ఇవ్వండి' అనే దొంగ మెయిల్ కూడా నిర్వాహకుల పేరుతోనే వస్తుంది. అసలు ప్రకటనలకు ఒక పద్ధతి లేనిచోట నకిలీని పోల్చుకునేదెలా?

ఒకప్పుడు పల్లెలో పెద్దలు చెప్పందే తలారి దండోరా వేసేవాడు కాదు. అందుకే తప్పెట మోగగానే జనం వాకిట్లోకి వచ్చి వినేవారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ముంచెత్తిన కర్నూలుకు సమయానికి అందే కబురు విలువ ఒకరు చెప్పాలా?

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. పంపే హక్కు రెండు మూడు విభాగాలకే ఇవ్వాలి. మిగతావారి ప్రకటనను బాధ్యుడొకరు చూశాకే వదలాలి. జవాబులు ఆ మెయిల్ పంపిన విభాగానికే చేరాలి. ఫైలు బదులు లింకు పెట్టాలి. విషయం, గడువు తేదీ శీర్షికలోనే, తెలుగులో కూడా కనిపించాలి. ఏ ప్రకటనలోనూ పాస్‌వర్డ్ అడగబోమని ముందే చెప్పాలి.

ఇది విద్యార్థుల గొంతు నొక్కడమేనని కొందరంటారు. వారి సభలకు, సంబరాలకు, అభ్యంతరాలకు ఇష్టమున్నవారు చేరి, వద్దనుకుంటే తప్పుకునే వేరే జాబితా ఇవ్వండి. అక్కడ ఎవరి అనుమతీ అక్కరలేదు.

వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా కర్నూలు, కడప జిల్లాల్లోని ప్రతి కళాశాలా ప్రతి కార్యాలయమూ అందరికీ మెయిల్ చేరే చిరునామాకు ఎవరు రాయొచ్చో హోదాలతో సహా నోటీసు బోర్డులో పెట్టాలి.