అధికారం పంచితేనే భద్రత

చెన్నై నగరానికి దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, సముద్రతీరాన కల్పాక్కం ఉంది. అక్కడి ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో ఫాస్ట్ బ్రీడర్ పరీక్షా రియాక్టరు ఉంది. 1985 అక్టోబరు 18న దానిలో శృంఖలా చర్య తొలిసారిగా మొదలైంది. ఈ రియాక్టరులో పుట్టిన వేడిని మోసుకుపోయేది నీరు కాదు, కరిగిన సోడియం. సోడియం నీటిని తాకితే భగ్గుమంటుంది. బాగా వేడెక్కి ఉన్నప్పుడు గాలి తగిలినా మండుతుంది. కనుక దాని ఉష్ణోగ్రతనూ, ప్రవాహాన్నీ అనుక్షణం కనిపెట్టి ఉండాలి.

ఇంతటి పనిని ఒకే పెద్ద కంప్యూటరుకు అప్పగిస్తే చాలదా అని కొందరు అడగవచ్చు. ఆజ్ఞలన్నీ ఒకే చోటి నుండి వెలువడితే గందరగోళం ఉండదనీ, ఖర్చు తగ్గుతుందనీ వారి వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ ఒక్క యంత్రం మూగబోతే కేంద్రమంతటికీ దిక్కు తోచదు.

అందుకే పెద్ద పరిశోధన కేంద్రాలలో నియంత్రణను పంచిపెడతారు. పంపు బాధ్యత ఒక చిన్న కంప్యూటరుది. కవాటాల బాధ్యత మరొకదానిది. అవి ఎప్పటికప్పుడు నియంత్రణ గదికి సమాచారం పంపుతాయి. మధ్యలో తీగ తెగినా తమ పనిని మానవు. రియాక్టరును ఆపవలసిన ఘట్టంలో ఒకే ఉష్ణోగ్రతను మూడు పరికరాలు విడివిడిగా కొలుస్తాయి. రెండు ఒకే మాట చెబితే అదే నిర్ణయం. ఒక పరికరం తప్పు చెప్పినా రియాక్టరు వృథాగా ఆగదు. ఒకటి పనిచేయకపోయినా ప్రమాదం దాగదు.

అయితే పంచినంత మాత్రాన భద్రత చేకూరదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్ 5 రాకెట్టు ఎగిరిన నిమిషంలోపే పేలిపోయింది. దాని దిశను తెలిపే కంప్యూటర్లు రెండున్నాయి. కాని రెండింటిలోనూ ఒకే ప్రోగ్రాము, ఒకే దోషం! పక్కవాని పలకను చూసి రాసిన లెక్క రెండుసార్లు సరిచూసిన లెక్క కాదు కదా!

కాబట్టి ప్రోగ్రాము రచించేవారు వేగాన్ని గురించి తరువాత ఆలోచించవచ్చు. సంబంధాలు తెగిపోయినప్పుడు ఎవరు నిర్ణయించాలి? ఆ నిర్ణయం తప్పయితే దానిని ఎవరు పట్టుకోవాలి? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానాలు ముందుగా కాగితం మీద స్పష్టంగా రాయగలగాలి. అవి లేని ప్రోగ్రాము ఎంత వేగంగా పనిచేసినా నమ్మదగినది కాదు.