జాక్ పెట్టాక మిగిలే తేడా ఎంత?

మొదటి జీతం రాగానే గిటార్ కొనాలని చాలామంది అనుకుంటారు. కొందరైతే అంతదాకా కూడా ఆగరు. ఫైనలియర్‌లోనే ఈఎంఐ మీద ఖరీదైనది తీసుకుందామని చూస్తారు. మీరూ ఆ ఆలోచనలో ఉంటే కార్డు గీకే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. మీ గిటార్‌ను వినేవాళ్లు ఎదురుగా కూర్చుని వింటారా, స్పీకర్లలో వింటారా?

ఈ రెండూ వేర్వేరు సంగతులు. తీగ ఒక్కటే చేసే శబ్దం చాలా తక్కువ. దాని కంపనం శాడిల్, బ్రిడ్జి మీదుగా పైపలకకు చేరుతుంది. ఆ పలక, లోపలి గాలి కలిసి కంపిస్తేనే మనకు నాదం గట్టిగా వినిపిస్తుంది. చవక గిటార్లలో ఆ పలక సాధారణంగా ప్లైవుడ్‌లా పొరలు అతికించినదే. మార్టిన్ డీ-28 లాంటి ఖరీదైన వాటిలో పైన స్ప్రూస్, పక్కలకూ వెనకకూ రోజ్‌వుడ్, అన్నీ అచ్చమైన చెక్కలే. గదిలో పక్కపక్కన వాయిస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు జాక్ పెట్టండి. ఎక్కువ గిటార్లలో ఉండేది శాడిల్ కింద పెట్టే పియజో పికప్. అది గాలిలో తేలే శబ్దాన్ని పట్టదు, శాడిల్ దగ్గరి ఒత్తిడి మార్పులను వోల్టేజీగా మారుస్తుంది. అంటే మీరు డబ్బు పోసి కొన్న చెక్క గొప్పతనంలో చాలా భాగం కేబుల్ దాకా రానే రాదు. గట్టిగా స్ట్రమ్ చేస్తే ఆ ప్లాస్టిక్ లాంటి పలుచని ధ్వని ఖరీదైన గిటార్‌నూ వదలదు.

మా కాలేజీ ఫెస్ట్‌లో నా చవక గిటార్‌నూ, ఫ్రెండ్ ఖరీదైన గిటార్‌నూ ఒకే మిక్సర్‌కు కలిపాం. హాస్టల్ గదిలో వాడిదాని ముందు నాది వెలవెలబోయేది. స్టేజీ ఎక్కాక మాత్రం వెనక వరుసలోని మావాళ్లు ఏది ఎవరిదో చెప్పలేకపోయారు.

అలాగని ఖరీదైన గిటార్ దండగ అనను. స్టూడియోలో మైకు పెట్టి రికార్డు చేస్తే దాని విలువ దానికుంది. మంచి ప్రీయాంప్, లోపల చిన్న మైకు ఉన్న పికప్ కూడా తేడా చూపిస్తాయి. కానీ వాటిని మధ్యరకం గిటార్‌కూ బిగించుకోవచ్చు కదా!

ఇంజినీరింగ్‌లో మనం నేర్చుకున్నదీ ఇదే. సిగ్నల్ దారిలో ఎక్కడ నష్టపోతున్నామో ముందు వెతకాలి, డబ్బు అక్కడ పెట్టాలి. ఇప్పటికి యమహా ఎఫ్‌జీ800 లాంటి సాలిడ్ టాప్ గిటార్ చాలు. కొత్త తీగలు వేయించండి, సెటప్ చేయించండి. స్టేజీ అవకాశాలు వస్తే పికప్, డీఐ బాక్స్ తర్వాత చూసుకోవచ్చు.

నెలనెలా కట్టాల్సిన వాయిదా నెత్తి మీద ఉంటే నచ్చని ఆఫర్‌కూ తలూపాల్సి వస్తుంది. నచ్చిన ఉద్యోగం కోసం ఇంకో మూడు నెలలు ఆగగలిగే వెసులుబాటు ఏ రోజ్‌వుడ్ కన్నా విలువైనది. దాన్ని గిటార్ కోసం వదులుకోకండి.