బడిపిల్లల రక్షణకై నకిరేకల్ ప్రజలకు విజ్ఞప్తి

నకిరేకల్ పట్టణమందును చుట్టుపట్ల గ్రామములందును పిల్లలను బడికి పంపుచున్న తల్లిదండ్రులకును, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల సభ్యురాండ్రకును, వసతిగృహముల నిర్వాహకులకును సవినయముగ మనవి చేయునది.

2014 డిసెంబరు 16న పాకిస్తాన్‌లోని పెషావరు సైనిక పాఠశాలలో ఉగ్రవాదులు 130కి పైబడి పిల్లలను పొట్టనబెట్టుకొనిన పిమ్మట, అచ్చటి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా ప్రభుత్వము ఉపాధ్యాయులకు తుపాకి పేల్చుట నేర్పించి, బడికి ఆయుధము తెచ్చుకొన ననుమతించెను. తెలుగువారనేకులు కాపురముండు టెక్సాసులో శిక్షణ పొందిన బడి ఉద్యోగి ఆయుధము ధరింపవచ్చునని 2013లోనే శాసనమైనది. మనకును ఆ మార్గమే మేలేమో యనువారు లేకపోలేదు. కాని 2015లో స్వాత్ లోయలో ఒక ఉపాధ్యాయుని తుపాకి పొరపాటున పేలి, అతడు కాపాడవలసిన విద్యార్థియే నేలకొరిగెను. ఆయుధమన్న వెఱచు గడ్డ కాదిది. వడిసెలలు, గుత్పలు చేతబట్టి రజాకార్ల నెదిరించినవి ఈ నల్లగొండ పల్లెలే. ఐనను వచ్చు ఆపద యెట్టిదో యెఱిగి ఆయుధము నెన్నుకొనవలెను గదా!

మన పిల్లలకు పొంచియున్న ఆపదలు వేఱు. నేలపై చాప పఱచుకొని నిద్రించు బాలుని నడిరేయి కట్లపాము కఱచినచో తఱచుగా నొప్పి యుండదు, వాపును కానరాదు. తెల్లవాఱుజామున కడుపునొప్పి యని లేచి, కనురెప్పలు వాలి, మాట ముద్దగా వచ్చుచున్న పిల్లవానిని అజీర్తి యనుకొని మరల పండుకొనబెట్టు వార్డెను దుర్మార్గుడు కాడు, ఎవరును చెప్పనందున తెలియనివాడు. గాటు కోయుట, తాడు బిగించుట, మంత్రగానిని వెదకుట మాని, పిల్లవానిని కదలనీయక, 108ని పిలిచి, పామువిషమునకు విరుగుడు సూదిమందున్న ఆసుపత్రికి తడవు లేక చేర్చవలెను. మన దేశమున దొరకు ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికిని ఒక్కటే గనుక, పామును చంపి వెంట తెచ్చు శ్రమ యక్కఱలేదు.

ఇంకొక ఆపద చెప్పుటకే నోరాడదు. 2022లో హైదరాబాదు బంజారాహిల్స్ పాఠశాలలో నాలుగేండ్ల పసిదానిపై అఘాయిత్యము చేసినవాడు గోడ దూకి వచ్చినవాడు కాడు, ప్రిన్సిపాలు కారు డ్రైవరు. గేటువద్ద తుపాకి నిలిపినను వానికి దారి యిచ్చియే యుండును. ఇట్టిది తెలిసిన వెంటనే పోలీసులకు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము ప్రతివాని విధి. బడి పరువు పోవునని దాచిపెట్టుట నేరము. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయుటకు హెడ్మాస్టరు అనుమతి యక్కఱలేదని ఆయమ్మకు ఎవరు చెప్పిరి?

కావున జూన్ 12న బడులు తెఱచుటకు ముందే ఒక దినమెల్ల ఇట్టి ఆపదల నెదుర్కొను శిక్షణకు కేటాయింపుడని కోరుచున్నాము. ఉపాధ్యాయులేగాక వంటమనిషి, ఆయమ్మ, బస్సు డ్రైవరు, రాత్రి కాపలాదారు అందఱును రావలెను. 108 సిబ్బందిని, పోలీసులను, అగ్నిప్రమాదమును మఱువక అగ్నిమాపక కేంద్రమువారిని పిలిపింపుడు. సంతకము చేయించి, ఫొటో దిగి, చాయ్ త్రాగి పోవు శిక్షణ వలదు. మంటలార్పు సిలిండరు పిన్ను ప్రతివారును స్వయముగ లాగి చూడవలెను, మొదట రాత్రి కాపలాదారే.