సైజు సంగతి సరే, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?

మా ఇంట్లో గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో, పాలవాడికి ఎంత బాకీ ఉన్నామో నాకు చూడకుండానే తెలుసు. మావారు రాత్రి ఎన్నిసార్లు బాత్రూంకి లేస్తున్నారో కూడా తెలుసు. నాలుగుసార్లు. తెలిసీ రెండేళ్లు నేను చేసిందేమిటంటే, "ఆ లైటు వేయకుండా వెళ్లొచ్చు కదండీ" అని విసుక్కోవడం.

ఆయనకి 58. బస్సు ప్రయాణం అంటే ఏదో ఒక వంక చెప్పేవారు. సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు ముట్టేవారు కాదు. పెళ్లికి వెళ్తే బాత్రూం ఎక్కడుందో చూసుకున్నాకే కూర్చునేవారు. నేను షుగరేమో అనుకున్నాను. పరీక్ష చేయిస్తే లేదన్నారు. "వయసు కదా" అని ఆయనా, "సరే" అని నేనూ ఊరుకున్నాం.

మొన్న చలికాలంలో జలుబు చేస్తే మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకున్నారు. ఆ రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొత్తికడుపు పట్టుకుని మంచం అంచున కూర్చున్న మనిషిని చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెడితే ట్యూబు వేసి తీశారు. కొన్ని జలుబు మాత్రలు మూత్రాశయం మూతి దగ్గరి కండరాన్ని బిగిస్తాయట. అప్పటికే ప్రోస్టేట్ పెరిగి ఉన్నవాళ్లకి ఆ కాస్తా చాలు.

మర్నాడు స్కానింగ్ రిపోర్టులో ప్రోస్టేట్ 46 గ్రాములని ఉంది. మామూలుగా 20 నుంచి 25 గ్రాములు, అంటే ఒక అక్రోటు కాయంత ఉంటుందట. దాదాపు రెట్టింపు! "క్యాన్సరా డాక్టరుగారూ?" అనేశాను.

ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మూత్రాశయం కింద ఉండే గ్రంథి ఇది. దాని మధ్యలోంచే మూత్రనాళం వెళ్తుంది. వయసుతో గ్రంథి పెరిగితే నాళం నలుగుతుంది. అరవై వచ్చేసరికి సుమారు సగం మంది మగవాళ్లలో ఇది పెరిగే ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కాకపోతే రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు కాబట్టి పీఎస్‌ఏ రక్తపరీక్ష కూడా రాశారు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఇంకొకటి. సైజుకీ బాధకీ లెక్క కుదరదట! 30 గ్రాములకే నానా అవస్థ పడేవాళ్లుంటారు, 80 ఉన్నా హాయిగా తిరిగేవాళ్లుంటారు. అందుకే డాక్టరుగారు అంకె పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. ధార సన్నబడిందా? ఆగి ఆగి వస్తోందా? వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టు ఉంటోందా? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?

"ఒకటి రెండుసార్లు" అన్నారు మావారు.

"నాలుగు" అన్నాను నేను.

నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ "నాలుగు" కోసమే. మన నెలసరి బాధలు అక్కతోనో, పక్కింటి వదినతోనో చెప్పుకుంటాం. మగవాళ్లకి ఆ అలవాటే లేదు. ఎన్నేళ్ల స్నేహితుడితోనైనా రాజకీయాలు మాట్లాడతారు గానీ ధార సన్నబడిందని చెప్పరు. మనకి చూస్తూనే తెలుస్తుంది. చూసింది చెప్పకపోతే చూసి ఏం లాభం?

"ఎలా అడుగుతాం, సిగ్గుపడతారు" అంటారేమో. నిజమే, మావారూ సిగ్గుపడ్డారు. కానీ ట్యూబుతో, సంచితో మూడు రోజులు ఇంట్లో తిరగడం కంటే ఆ సిగ్గు పెద్దదా చెప్పండి.

ఇప్పుడు రాత్రి ఒక మాత్ర వేసుకుంటున్నారు. మొదట్లో లేచి నిలబడగానే కాస్త తల తిరుగుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి మెల్లగా లేస్తున్నారు. మందులతో తగ్గకపోతేనే ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామన్నారు. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం ఆగిపోయినా మాత్రం ఒక్కరోజు కూడా చూడొద్దన్నారు. జలుబు మాత్ర కొనేముందు ప్రోస్టేట్ ఉందని షాపులో చెప్పడం ఇప్పుడు ఆయనకి అలవాటైంది.

యాభై దాటిన భర్త గానీ, నాన్నగారు గానీ, మామగారు గానీ ఉన్న ఇల్లయితే ఈ వారం ఒకసారి లెక్కపెట్టండి. విసుక్కోకుండా అడగండి. మా ఇంట్లో ఇప్పుడు వసారా లైటు రాత్రంతా నేనే వేసి ఉంచుతున్నాను.