గెలిస్తే వదిలేస్తారా?

‘మన జైళ్లలోనూ బాక్సింగ్ రింగులు కట్టాలి, గెలిచినోణ్ని వదిలెయ్యాలి’ అనే కుర్రాళ్లు బాగేపల్లిలో ఉన్నారు, చింతామణిలోనూ ఉన్నారు. వాళ్లకు ఆధారం ‘అన్‌డిస్‌ప్యూటెడ్’ సినిమాలు. 2002 నుంచి 2016 దాకా నాలుగొచ్చాయి. ఖైదీ బోయ్కాగా స్కాట్ అడ్కిన్స్ ఎగిరి తన్నే తన్నులకు నేనూ ఈల వేసినవాణ్నే. అయితే వీళ్లు ఆ సినిమాల్లో తన్నులు చూశారు గానీ కథ చూడలేదు.

మొదటిదాంట్లో జైలు చాంపియన్ హచెన్ ప్రపంచ చాంపియన్ ఐస్‌మన్‌ను ఓడిస్తాడు. బయటికి పోయిందెవరు? ఓడిన ఐస్‌మన్. గెలిచిన హచెన్ లోపలే ఉండిపోయాడు. 2010లో వచ్చిన మూడోదాంట్లో గెలిస్తే విడుదలని ఆశపెడతారు. తీరా అది జూదగాళ్ల పందెం. ఓడినవాళ్లను కాల్చి చంపుతారు, గెలిచిన బోయ్కానూ చంపబోతే పారిపోయి బతుకుతాడు. రెండోదాంట్లో మాత్రం గెలిచినవాడు బయటపడతాడు. కాకపోతే అతన్ని లోపల వేసిందే దొంగ కేసులో!

‘సినిమా ఒదిలెయ్, నిజంగానూ జరిగింది’ అంటూ బాక్సర్ జేమ్స్ స్కాట్ పేరెత్తేవాళ్లున్నారు. జరిగిన మాట నిజమే. 1978లో న్యూజెర్సీలోని రావే జైల్లో ఖైదీగా ఉంటూనే అతను ఎడ్డీ గ్రెగరీని ఓడించాడు, జనం టీవీలో చూశారు. దానివల్ల తలుపేమీ తెరుచుకోలేదు. పైగా ఖైదీ అన్న కారణంతో మరుసటి ఏడే ప్రపంచ బాక్సింగ్ సంఘం ర్యాంకుల్లోంచి అతని పేరు కొట్టేసింది. 1981లో అదే జైల్లో అతన్ని ఓడించిన డ్వైట్ ముహమ్మద్ ఖావీ కూడా ఒకప్పటి ఖైదీయే. అతను విడుదలై బయటికొచ్చాకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఇక మన సంగతి. 2022 చివర దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నేరం ఇంకా రుజువు కానివాణ్ని స్వేచ్ఛ కోసం కొట్టుకొమ్మనడం ఏ న్యాయం? వాళ్లలో చాలామందికి అడ్డం పడేది జామీను. జడ్జి మంజూరు చేసినా షూరిటీ దొరకాలి. గుంట నేల లేని తల్లి దూరపు చుట్టాన్ని బతిమాలుకోవాలి: ‘నీ పహణి ఒక్కటి పెట్టప్పా, వాయిదాకు వాడు రాకపోతే నన్నడుగు.’ ఆయన చూద్దాంలే అంటాడు. లోపలున్నవాడికి ఇంకో నెల.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. మరణశిక్షో యావజ్జీవమో పడే కేసు కాకుండా, ఇతర కేసులేవీ లేకుండా, గతంలో ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ, గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హుడు. కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే.

జైల్లో బాక్సింగ్ నేర్పితే నేనేం కాదనను, ఒంటికీ మనసుకూ మంచిదే. విడుదలను మాత్రం బహుమతి చెయ్యొద్దు. రింగు కోసం అరిచే కుర్రాళ్లు ముందు ఇది అడగండి: మన తాలూకాల నుంచి లోపలికి పోయినవాళ్లలో ఎందరికి 479 కింద దరఖాస్తు పెట్టారు?