లైసెన్సు కాయితం సరే, తుపాకి పేలుతుందా?

మొన్న మండపేటలో మన పేట మీటింగు అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఒక కుర్రోడు పక్కకి పిలిచి అడిగాడు. "అన్నా, ఎస్సీలకి తుపాకి లైసెన్సు ఇవ్వాలని రూల్లో రాసుందంట కదా. నాకోటి ఇప్పించు. కామందుల కుర్రోళ్లు బళ్లేసుకుని పేటలోకొచ్చి హారన్లు కొడతా తిరుగుతున్నారు. నడుంకి ఒకటి కనపడితే చాలు, మళ్లీ ఒక్కడూ రాడు."

నేను నవ్వలేదు. అది నవ్వే మాట కాదు. ఆ కుర్రోడి కోపం వెనక మన చరిత్ర ఉంది. అందుకే వాడికి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. ఇలా అడిగేవాళ్లు ప్రతి పేటలో ఉన్నారు. చాటున అడుగుతున్నారు. మనం బాహాటంగా మాట్లాడదాం.

ముందుగా, రూలు ఉంది. అబద్ధం కాదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 1995లో నియమాలు వచ్చాయి. అందులో మూడో నియమం దాడులు జరిగే ప్రాంతాల్లో ప్రభుత్వం ముందుజాగ్రత్తగా ఏం చెయ్యాలో చెబుతుంది. వరస చూడండి. మొదట అలాంటి ప్రాంతాల్ని గుర్తించాలి. కలెక్టరు, ఎస్పీ వెళ్లి పరిస్థితి చూడాలి. అవసరమైతే ఎస్సీ ఎస్టీలు కానివాళ్ల తుపాకి లైసెన్సులు రద్దు చేసి, ఆ ఆయుధాల్ని సర్కారు ఆయుధాగారంలో జమ చేయించాలి. వాళ్ల దగ్గరి చుట్టాలవీ, నౌకర్లవీ, స్నేహితులవీ కూడా. దొంగ తుపాకులు పట్టుకోవాలి. ఆ తర్వాత, అయిదో మాటగా, అవసరమైతే ఎస్సీ ఎస్టీలకి ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

వరస అర్థమైందా? కొట్టేవాడి చేతిలోది లాక్కోవడం ముందు. తినేవాడి చేతికి ఇవ్వడం తర్వాత. మన కుర్రోళ్లకి అయిదోది ఒక్కటే వినపడింది. మూడోది ఎవడూ చెప్పలేదు. చెప్పాల్సిన ఆఫీసర్లు అసలే చెప్పరు.

ఆయుధం పట్టే హక్కు మనకెందుకు లేకుండా పోయిందో బాబాసాహెబ్ 1936లోనే 'కులనిర్మూలన'లో చెప్పాడు. చాతుర్వర్ణ్యం కింది కులాల చేతిలో ఆయుధం ఉండనివ్వలేదు, అందుకే వాళ్లు తిరగబడలేకపోయారని తేల్చాడు. కాబట్టి "దళితుడికి తుపాకి ఎందుకయ్యా?" అని ఎవడన్నా అడిగితే, వాడి నోట్లోంచి వస్తున్నది మనువు మాటే. హక్కు విషయంలో మనకి ఏ అనుమానమూ లేదు. నా ప్రశ్న హక్కు గురించి కాదు. నా ప్రశ్న ఆ ఇనప ముక్క గురించీ, దాన్ని పట్టే చెయ్యి గురించీ.

తమ్ముడూ, నీకు లైసెన్సు వచ్చిందే అనుకుందాం. ఏం కొంటావు? 9 ఎం.ఎం. మామూలు జనానికి ఇవ్వరు, అది నిషిద్ధ బోరు. నీకు దొరికేది .32. సర్కారు ఆయుధ కర్మాగారం 2014లో ఆడవాళ్ల రక్షణకని 'నిర్భీక్' అనే చిన్న రివాల్వరు తెచ్చింది. అరకిలో బరువు, ఆరు తూటాలు. అప్పటి ధర సుమారు 1,22,000 రూపాయలు. రోజుకి 500 కూలి అనుకున్నా 244 రోజుల చెమట. తూటాలు వేరే. ఫీజులు వేరే. ఆఫీసుల చుట్టూ తిరిగిన ఖర్చు వేరే. ఏ కూలి ఆడబిడ్డ కొనగలదు దాన్ని?

సరే, అప్పు చేసి కొన్నావు. అది పేలుతుందా? పేలుతుంది, నువ్వు చూసుకుంటే. మనది కాలవల దేశం. గాలిలోనే తడి. ఒంటికి కట్టుకుంటే చెమట. తోలు ఒరలో నెలల తరబడి ఉంచితే తోలు తడిని పీల్చి పట్టుకుంటుంది, ఇనుముకి తుప్పు, ఇత్తడి తూటాకి చిలుము. వరి కోత కొడవలికే రాయి పెట్టి నూనె రాస్తాం. ఇది కొడవలికంటే సున్నితమైన సరుకు.

రివాల్వరులో ఒక తూటా పేలకపోతే, మళ్లీ ట్రిగ్గరు నొక్కితే చక్రం తిరిగి రెండోది వస్తుంది. అందుకే కొత్తవాళ్లకి అది నయమంటారు. కానీ దాని ట్రిగ్గరు గట్టిది. అలవాటు లేని వేలు బలంగా లాగితే గొట్టం పక్కకి పోతుంది, గురి తప్పుతుంది. పిస్తోలుది ఇంకో బాధ. మ్యాగజైను స్ప్రింగు సరిగ్గా ఉండాలి, మణికట్టు బిగించి పట్టుకోవాలి. చెయ్యి వదులైతే ఖాళీ తొట్టి బయటికి పడకుండా ఇరుక్కుంటుంది. అప్పుడు దాన్ని ఎలా విడిపించాలో తెలియనివాడి చేతిలో అది సుత్తికి తక్కువ, రాయికి ఎక్కువ.

ఇంకో సంగతి. తూటా నొక్కినా పేలకపోతే కొత్తవాడు ఏం చేస్తాడు? తిప్పి గొట్టంలోకి చూస్తాడు. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. కనీసం అర నిమిషం గొట్టాన్ని మనుషులు లేనివైపు పట్టుకుని ఆగాలి. ఒక్కోసారి మందు చాలక గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, చిన్న చప్పుడు వస్తుంది అంతే. తెలియక ఇంకోటి పేల్చితే గొట్టమే బద్దలై చేతులు పోతాయి. ఇవి ఎవరు నేర్పుతారు మన పేటలో?

2016 ఆయుధ నియమాలు లైసెన్సు అడిగేవాడు శిక్షణ పొందాలని చెబుతున్నాయి. మంచిదే. మన కూలోడికి శిక్షణ ఎక్కడ? ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుని? ఎన్ని తూటాలు కాల్చి? ఒక పూట కూర్చోబెట్టి కాయితం చేతిలో పెడితే అది శిక్షణా? సైకిలు నేర్చుకోడానికే మోకాళ్లు పది రోజులు పగిలాయి కదా.

అమెరికా చూడండి. అక్కడ జనం తుపాకిని బట్టల కింద దాచుకుని తిరగడానికి క్లాసులున్నాయి. ఇల్లినాయి రాష్ట్రంలో 16 గంటలు. టెక్సాస్‌లో నాలుగు నుంచి ఆరు గంటలు, 50 తూటాలు కాల్చి చూపించాలి. 2021 నుంచి టెక్సాస్‌లో ఆ లైసెన్సు కూడా తప్పనిసరి కాదు. కొట్టులో కొన్న తుపాకిని పెట్టెతో సహా క్లాసుకి పట్టుకొచ్చి, అక్కడే మొదటిసారి చేత్తో పట్టుకునే వాడు దాన్ని ఎంత నమ్మగలడు? అది ఏ తూటాకి ఇరుక్కుంటుందో వాడికి తెలియదు. చదువుకోడానికి అక్కడికెళ్లిన ఒక తెలుగు కుర్రోడు 2024లో తన తుపాకి శుభ్రం చేసుకుంటుంటే పేలి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎదురుగా శత్రువు లేడు. లోపల తూటా ఉంది, అంతే.

అక్కడి నల్లవాళ్ల అనుభవం మనకి ఇంకా దగ్గర. 1956లో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకి పర్మిటుకి అర్జీ పెట్టుకున్నాడు. ఇవ్వలేదు. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు చట్టం ఒప్పుకున్నట్టే తుపాకులు పట్టుకుని వీధుల్లో పోలీసుల వెనక నడిచారు. వెంటనే చట్టమే మార్చేశారు. 2016లో ఫిలాండో కాస్టైల్ అనే నల్లవాడు, లైసెన్సు ఉన్నవాడు, కారు ఆపిన పోలీసుకి "నా దగ్గర తుపాకి ఉంది" అని మర్యాదగా చెప్పాడు. ఆ పోలీసు అక్కడికక్కడే కాల్చి చంపాడు. మరుసటి ఏడు కోర్టు ఆ పోలీసుని వదిలేసింది. లైసెన్సు ఒకటే, చర్మం వేరు. మన దగ్గర చర్మం బదులు కులం పెట్టి చదువుకోండి.

ఇప్పుడు మన చట్టానికి వద్దాం. తమ్ముడు "నడుంకి కనపడితే చాలు" అన్నాడు. 2016 నియమాల ప్రకారం నలుగురూ తిరిగే చోట తుపాకిని ఒరలో పెట్టి పూర్తిగా కప్పుకుని పోవాలి. ఎత్తి చూపించకూడదు. అంటే చూపించి బెదరగొట్టడమే నేరం. కామందు కొడుకు పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే సరదా. నువ్వు చొక్కా కాస్త పైకెత్తితే లైసెన్సు రద్దు, కేసు బుక్కు. ఎవడైనా మీదకొస్తే కాల్చావే అనుకో. ఆత్మరక్షణ హక్కు ఉంది, కానీ అవసరానికి మించి హాని చెయ్యకూడదు. ఆ "అవసరం" ఎంతో రాసేది స్టేషను రైటరు. మనం అట్రాసిటీ కేసు పెట్టిన మర్నాడే ఎదటివాడు కౌంటరు కేసు పెట్టడం ఎన్నిసార్లు చూడలేదు? తుపాకి ఉంటే ఆ కౌంటరు కేసు హత్యాయత్నం అవుతుంది. పాత 307, ఇప్పుడు బి.ఎన్.ఎస్. 109.

ఊళ్లో గొడవలు ముదిరేది ఎప్పుడు? ఎన్నికలప్పుడు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులు స్టేషనులో డిపాజిట్ చెయ్యమంటారు. కావలసిన రోజున నీ తుపాకి పోలీసు బీరువాలో, నువ్వు పేటలో. మిగతా రోజుల్లో ఒంటి గది ఇంట్లో, పిల్లల మధ్య ఎక్కడ దాస్తావు? తాగొచ్చిన రాత్రి ఎవరి చేతికి అందుతుంది? ఆ భయం నీ పెళ్లాన్ని అడిగి చూడు, చెబుతుంది.

నాటు తుపాకి మాట అసలే వద్దు. నీళ్ల పైపు కోసి చేసినది ఎదటివాణ్ని చంపుతుందో లేదో గానీ, పట్టుకున్నవాడి వేళ్లు మాత్రం తీస్తుంది. ఆ మీద ఆయుధాల చట్టం కింద జైలు.

"అయితే చేతులు కట్టుకుని చావమంటావా?" అని అడుగుతావు. అడగాలి. కారంచేడులో 1985 జులై 17న ఆరుగుర్ని చంపారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. మన పక్కనున్న వెంకటాయపాలెంలో 1996 డిసెంబరులో దళితులకి శిరోముండనం చేస్తే, కింది కోర్టు తీర్పుకే 2024 ఏప్రిల్ దాకా పట్టింది. ఇన్ని చూసినవాడికి తుపాకి గుర్తుకు రావడం తప్పు కాదు.

కానీ ఆలోచించు. చుండూరులో వందల మంది గొడ్డళ్లతో, రాడ్లతో వచ్చారు. ఊళ్లో పోలీసులుండగానే వచ్చారు. ఆరు తూటాల రివాల్వరు ఒక్కటి, ఎప్పుడూ కాల్చని చేతిలో, ఏం ఆపేది? కారంచేడు తర్వాత కదిలించింది తుపాకి కాదు. చీరాలలో శిబిరం వేసి కూర్చున్న జనం. అక్కడే దళిత మహాసభ పుట్టింది. 1927లో మహాడ్‌లో చెరువు నీళ్లు తాగినందుకు మనవాళ్లని కొట్టినప్పుడు, బాబాసాహెబ్ పక్కన సైన్యంలో పని చేసిన మహార్లు ఉన్నారు. ఆయుధం తెలిసిన చేతులవి. ఒక్క మాట చాలు, లేచేవాళ్లు. ఆయన వద్దన్నాడు. పిరికితనంతో కాదు, లెక్క తెలిసి వద్దన్నాడు.

కాబట్టి మనం చెయ్యాల్సినవి ఇవి. ఒకటి, ప్రతి మండలం నుంచి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 1995 నుంచి ఇప్పటి దాకా మూడో నియమం కింద ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు, ఎస్సీ ఎస్టీలకి ఎన్ని ఇచ్చారు అని అడగండి. రెండు, కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన విజిలెన్స్ కమిటీలో కామందుల లైసెన్సుల లిస్టు బల్ల మీద పెట్టమని పట్టుబట్టండి. మూడు, నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లు, సాక్షులు, కేసు నడిపేవాళ్లు లైసెన్సుకి అర్జీ పెట్టండి. కానీ శిక్షణ ఖర్చు, తూటాల ఖర్చు సర్కారే భరించాలని అదే అర్జీలో రాయండి. ఇవ్వనంటే కారణం రాతలో ఇమ్మనండి. నాలుగు, బండి హారన్లు మోగిన రాత్రి ఒక్కడూ బయటికి రాకుండా పేటంతా ఒక్కసారే బయటికి రండి. ఫోన్లో వీడియో తియ్యండి, స్టేషనుకి పదిమంది కలిసి వెళ్లండి.

ఆ కుర్రోడు అంతా విని, "మరి ముందు వాళ్ల తుపాకులు ఎవరు లాక్కుంటారన్నా?" అన్నాడు. అదీ సరైన ప్రశ్న. దాని మీదే అర్జీ రాయించాను. మొదటి సంతకం వాడిదే.

జై భీమ్.

— మండపేట నుంచి ఒక కార్యకర్త